రోలు దాచారు, పుస్తకాలు అమ్మారు

ఈ పాతికేళ్ళలో తెలుగులో బాగా పెరిగిన సాహిత్య ప్రక్రియ ఏదంటే, మాయమైపోయిన వస్తువుల మీద నిట్టూర్పు అనే చెప్పాలి. ఆదివారం అనుబంధాల్లో, ఆత్మకథల్లో, పుస్తకావిష్కరణ సభల్లో, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే జాబితా తిరుగుతూ ఉంటుంది. రోలు, రోకలి, తిరగలి, కవ్వం, కుంపటి, కట్టెల పొయ్యి, ఉట్టి, ఇత్తడి బిందె, కుంకుడు రసం. చివర్లో 'ఆ రోజులే వేరు' అన్న ముక్తాయింపు. పుట్టినరోజుల జ్ఞాపకాలైతే మరీనూ. తెల్లవారుజామున నలుగు, తలంటు, కొత్త బట్టలు, నేతిలో వేగిన జీడిపప్పుతో పరమాన్నం, రోట్లో రుబ్బిన పిండితో గారెలు. చదువుతుంటే ఎవరికైనా నోరూరుతుంది. నాకూ ఊరుతుంది. ఊరిన నోరు మూసుకుని ఈ వాక్యాలను కాస్త పరీక్షగా చూద్దామని నా ప్రతిపాదన.

రోట్లో రుబ్బిన పచ్చడి. కవ్వంతో చిలికిన మజ్జిగ. పేడతో అలికిన అరుగు. కుంపటి మీద కాచిన నెయ్యి. తెలుగులో క్రియాజన్య విశేషణానికి ఒక సౌకర్యం ఉంది. పని జరిగినట్టు చెప్పొచ్చు, చేసినవాళ్ళ పేరు చెప్పనక్కర్లేదు. రుబ్బినదెవరు? చిలికినదెవరు? అలికినదెవరు? మన జ్ఞాపకాల సాహిత్యమంతా ఈ సౌకర్యం మీదే నడుస్తోంది. వస్తువుకు బోలెడంత వర్ణన ఉంటుంది, తిన్న నాలుకకు ఉంటుంది, తిప్పిన చేతికి మాత్రం ఉండదు. ఎక్కడైనా ఉంటే 'అమ్మ చేతి మహిమ' అని ఉంటుంది. మహిమ అన్నాక ఇక శ్రమ గురించి మాట్లాడే పని లేదు కదా!

ఆ చేతి సంగతి చెబుతాను. రుబ్బురోలు ముందు పీట వేసుకుని, ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, రెండో చేత్తో పప్పు లోపలికి తోస్తూ, వేలు నలగకుండా చూసుకుంటూ పదిమందికి సరిపడే మినప్పిండి రుబ్బడానికి గంటకు తక్కువ పట్టదు. పుట్టినరోజు గారెలకు ముందు రోజే పప్పు నానాలి, తెల్లవారకముందే పొట్టు కడగాలి. పిల్లలకు తలంటాలంటే కుంకుళ్ళు కొట్టాలి, వేడినీళ్ళు కాగాలి, నీళ్ళు కాగాలంటే నుయ్యి తోడాలి, పొయ్యి ఊదాలి. ఊదిన పొగంతా ఎక్కడికి పోయిందో డాక్టర్లకు తెలుసు. 2020 ఒక్క సంవత్సరంలోనే వంటపొయ్యిల పొగవల్ల ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పొగలో ఎక్కువసేపు కూర్చునేది ఆడవాళ్ళూ, వాళ్ళ ఒళ్ళో పసిపిల్లలూ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళా సంఘాలకు గ్యాసు కనెక్షన్లు ఇస్తే కట్టెల మోపు దించుకుని ఊపిరి పీల్చుకున్న ఆడవాళ్ళకు ఆ పొయ్యి మీద బెంగ లేదు. బెంగ ఎవరికో, ఎందుకో చూడాలి.

పోనీ, వస్తువులు పోయాయి కాబట్టి శ్రమ కూడా పోయిందా అంటే అదీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు ఆ పనుల్లో పాల్గొన్న మగవాళ్ళే నూటికి 26 మంది. 2024 సర్వేలో ఆడవాళ్ళది 289 నిమిషాలయింది. మగవాళ్ళది 88 అయింది. అయిదేళ్ళలో మనకు పది నిమిషాలు కలిసొస్తే, వాళ్ళకు తొమ్మిది నిమిషాలు కలిసొచ్చాయి! మిక్సీ, గ్రైండరు, కుక్కరు, గ్యాసు అన్నీ వచ్చాక కూడా దాదాపు అయిదు గంటలు. మాయమైంది రోలే గానీ, రోలు ముందు మనిషి ఎక్కడికీ పోలేదు.

ఈ బెంగకు కులం కూడా ఉంది. దంపుడు బియ్యం రుచిని తలుచుకునేవాళ్ళు, కూలికి వడ్లు దంచి నూకలో తవుడో కొంగున కట్టుకుని వెళ్ళిన ఆడవాళ్ళను తలుచుకోరు. ఊళ్ళోకి రైసుమిల్లు వచ్చినప్పుడు ఆ కూలి పోయింది. ఆ నష్టానికి ఎవరూ వ్యాసం రాయలేదు. "రోళ్ళకు గంట్లు కొడతాం" అని వీధుల్లో అరుచుకుంటూ, ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని, చంకలో బిడ్డతో తిరిగిన ఆడవాళ్ళు ఉండేవారు. మన పిండి మెత్తగా రావడానికి వాళ్ళ కళ్ళల్లో రాతిపొడి పడేది. మిక్సీలు వచ్చాక వాళ్ళేం తిన్నారో జ్ఞాపకాల జాబితాలో లేదు. ఇక నూతి దగ్గర ముచ్చట్లు, తళతళలాడే బిందెలు అని రాసేవాళ్ళు, ఏ నుయ్యి, ఎవరి బిందె అని చెప్పరు. 1985 జూలైలో కారంచేడులో మాదిగవాడ తాగే చెరువు నీళ్ళను పాడు చేస్తుంటే అడ్డుకున్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త తనను తాను కాపాడుకోవడానికి ఎత్తింది చేతిలో ఉన్న బిందెనే. ఆ మర్నాడు, జూలై 17న, అగ్రకుల భూస్వాములు వాడ మీద పడి ఆరుగురిని చంపారు. ఆ బిందె కూడా మాయమైన వస్తువే. దాన్ని ఏ 'ఆ రోజులే వేరు' వ్యాసంలోనూ నేను చూడలేదు.

ఇప్పుడు పుట్టినరోజుల దగ్గరికి వస్తాను. నా అసలు గొడవ అక్కడే ఉంది.

మా తాతయ్యది పద్దుల పుస్తకం ఒకటి ఉండేది. నేను చూశాను. మా మావయ్యలిద్దరూ పుట్టిన తిథి, వారం, నక్షత్రం, ఘడియలతో సహా అందులో ఉన్నాయి. ఎర్ర గేదె ఈనిన తేదీ ఉంది, దూడ పెయ్యా దున్నా అన్నది కూడా ఉంది. మూడో ఆడపిల్లగా పుట్టిన మా అమ్మ లేదు. "గాంధీగారు పోయిన మరుసటేడు మాఘంలో, మినుములు పీకుతున్నప్పుడు" అని అమ్మమ్మ చెప్పేది. అంటే 1949 తొలి నెలల్లో అన్నమాట. బళ్ళో వేసేటప్పుడు మేష్టారు తేదీ అడిగితే, "ఆడపిల్లే కదండీ, ఏదో ఒకటి వేసుకోండి" అన్నారట తాతయ్య. మేష్టారు 1-7-1948 వేసుకున్నారు. ఆ తరంలో జూలై ఒకటిన పుట్టినవాళ్ళు ఇంటికొకరు ఉండటానికి కారణం ఇలాంటి మేష్టార్లే. మగపిల్లలకూ అలా వేశారు, నిజమే. అయితే వాళ్ళకు బళ్ళో తేదీ కాక ఇంట్లో మరో తేదీ ఉండేది. అమ్మకు ఉన్నది అదొక్కటే. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అప్పటికి అమ్మకు పెళ్ళయి, చంకలో మా అన్నయ్య.

మన సంప్రదాయంలో పెద్దవాళ్ళకు చేసే పుట్టినరోజు షష్టిపూర్తి. ప్రభవతో మొదలయ్యే అరవై సంవత్సరాల చక్రం తిరిగి, పుట్టిన ఏటి పేరు మళ్ళీ రావడం. ఎవరు పుట్టిన ఏడు? మగవాడు పుట్టిన ఏడు. పక్కన పీట మీద భార్యను కూర్చోబెట్టి మళ్ళీ తాళి కట్టిస్తారు. ఆమెకు యాభై రెండో యాభై ఎనిమిదో, ఎవరికీ పట్టదు. ఆమెకు అరవై నిండేనాటికి ఆయన లేకపోతే ఆ పీట కూడా లేదు. మా అమ్మకు అరవై నిండిన రోజు ఎవరికీ తెలియదు. ఆ వారమంతా మనవరాలి మొదటి పుట్టినరోజుకు అరిసెల పాకం పట్టడంలో ఉంది.

మా అందరి పుట్టినరోజులూ ఆమెకు తెలుసు. వంటింటి గోడకు మేకుకు వేలాడే కాలెండరే ఆమె పద్దుల పుస్తకం. పాలు మానేసిన రోజులకు సున్నాలు, గ్యాసు బండ మార్చిన తేదీ, చాకలికి వేసిన బట్టల లెక్క, ఇన్‌లాండ్ కవరు పోస్టు చేసిన రోజుకు ఒక గీత, ఎవరికీ చెప్పకుండా తన నెలసరికి ఒక చుక్క. పిల్లల, కోడళ్ళ, అల్లుళ్ళ, మరుదుల పుట్టినరోజులు తిథి ప్రకారం ఒకటి, తేదీ ప్రకారం ఒకటి. ఏడాది మారగానే ఆ గుర్తులన్నీ కొత్త కాలెండరులోకి ఎక్కించి పాతది అలమరలో పరిచేది. అమ్మ చేతిరాతలో పాతికేళ్ళ కుటుంబ చరిత్ర అలా డబ్బాల కింద అరిగిపోయింది. నాకు తెలిసినంతలో ఏ ఏడాది కాలెండరులోనూ తన పేరు ఎదురుగా తేదీ లేదు.

ఆధార్ కార్డులో జూలై ఒకటి ఉంది కాబట్టి, 2023లో మా అన్నయ్య అమ్మకు డెబ్బై అయిదో పుట్టినరోజు చేశాడు. ప్రేమగానే చేశాడు. ఫంక్షన్ హాలు, రెండొందల మంది, కేకు. అలంకరణ చేసేవాళ్ళు 'పల్లెటూరి సెట్' వేశారు. పూరిపాక, ఎద్దుబండి చక్రం, లాంతరు, తిరగలి, రుబ్బురోలు. పిల్లలు రోలు పక్కన గొంతుక్కూర్చుని ఫోటోలు దిగుతున్నారు. అమ్మను కూడా పీట మీద కూర్చోబెట్టి, "నానమ్మా, రుబ్బుతున్నట్టు చెయ్యి పెట్టు" అన్నారు. మోకాళ్ళు వంగని మనిషి, ఎలాగో కూర్చుంది. చెయ్యి పెట్టి, కాస్త తోసింది. రోలు జరిగింది. థర్మాకోల్‌తో చేసి బూడిదరంగు వేసినది. అమ్మ నా వైపు చూసి, "అప్పుడే ఇంత తేలిగ్గా ఉంటే ఎంత బావుండేదే!" అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. పనిచేసిన మనిషికి బరువు గుర్తుంటుంది, తిన్న మనిషికి రుచి గుర్తుంటుంది. ఆ హాల్లో ఉన్నవాళ్ళు చాలామంది రెండో రకం.

అయితే మా అమ్మకు పాతరోజుల మీద బెంగే లేదా? ఉంది. దేని మీద అన్నదే ఇక్కడ ప్రశ్న. తిరగలి మీద ఎప్పుడూ లేదు. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక మూడింటి దాకా దొరికే ఆ గంటన్నర మీద ఉండేది. రేడియోలో మహిళల కార్యక్రమం. పెద్దమ్మకు రాసే నీలం ఉత్తరంలో చివరి మడత మీద కూడా అడ్డంగా ఇరికించి రాసిన నాలుగు లైన్లు. అన్నిటికంటే వారపత్రికలు. ఎనిమిదో తరగతితో బడి మాన్పించిన మా అమ్మ, 1967లో కాపురానికి వచ్చినప్పటినుంచి దాదాపు ఇరవై ఏళ్ళు సీరియల్సు వారం వారం చింపి, వరుస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్టకు పాత చీర ముక్క అంటించి పుస్తకాలు చేసింది. రంగనాయకమ్మ, లత, యద్దనపూడి, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి. మాలతీ చందూర్ 'ప్రమదావనం' పేజీలు విడిగా రెండు సంపుటాలు. ఆ ఇరవై ఏళ్ళలో తెలుగునాట ఇలా కుట్టుకోని వీధి లేదు. వీధిలో ఒకరింట మొదటి భాగం, మరొకరింట రెండో భాగం. మా అమ్మ పుస్తకాల వెనక అట్ట మీద ఎవరికి ఎప్పుడు ఇచ్చిందో పెన్సిల్‌తో రాసి ఉండేది. పద్నాలుగు మంది ఆడవాళ్ళ పేర్లు నేను లెక్కపెట్టాను. అక్కడక్కడా మార్జిన్లో మాటలు. ఒక నాయిక భర్తను క్షమించిన పేజీ పక్కన "ఎందుకు?" అని ఉంది.

నిరుడు, అమ్మ పోయిన కొన్ని నెలలకు, ఆ ఇల్లు ఖాళీ చేశారు. నిజమైన రుబ్బురోలును నలుగురు మనుషులు మోసుకెళ్ళి మా బంధువుల కొత్తింటి పచ్చికలో పెట్టారు. అందులో నీళ్ళు పోసి తామర వేశారు. బావుందని అందరూ అన్నారు. అటక మీది పుస్తకాలు పాత పేపర్ల అబ్బాయి తూకానికి పట్టుకెళ్ళాడు. నేను వేరే ఊళ్ళో ఉన్నాను. అడిగితే, "అవన్నీ పాత సీరియల్సే కదా, చెదలు కూడా పట్టాయి" అన్నారు. ఎవరికీ దురుద్దేశం లేదు. ఏది దాచాలో ఏది పారెయ్యాలో ఎవరూ ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఎందుకంటే ఆ నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది.

నా ఆరోపణ ఇదీ: మన గతాభిమానం వస్తువులను ఏరుకునేటప్పుడు, ఆడమనిషి ఇంటికి సేవచేసిన వస్తువులను దాచుకుంటుంది, ఆమె తనకోసం వాడుకున్న వస్తువులను పారేస్తుంది. రోలు 'వారసత్వం' అవుతుంది, కుట్టిన సీరియల్ 'చెత్త' అవుతుంది. కవ్వం గోడకెక్కుతుంది, ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట పొయ్యిలోకి వెళ్తుంది. ఇంట్లో జరిగిన ఈ ఏరివేతే సాహిత్య చరిత్రలోనూ జరిగింది. ఆ నవలలను 'వంటింటి సాహిత్యం' అని వెక్కిరించిన విమర్శకులే, వంటింటి సామాన్ల మీద కవిత్వం వస్తే కళ్ళొత్తుకున్నారు. వంటింటిని తలుచుకోవచ్చు గానీ అందులో కూర్చుని చదవకూడదన్నమాట! విమల 'వంటిల్లు' రాసినప్పుడు మన పాఠకురాళ్ళకు అది అంత గట్టిగా తగలడానికి కారణం, అప్పటిదాకా ఆ గదిని లోపలినుంచి చెప్పినవాళ్ళు తక్కువ కావడమే.

పుట్టినరోజుల సంగతీ అంతే. రెండు తెలుగు రాష్ట్రాలూ మన భాషకు చెరో రోజు కేటాయించుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పుట్టినరోజు. తెలంగాణలో సెప్టెంబరు 9, కాళోజీ పుట్టినరోజు. ఇద్దరూ గౌరవించదగినవాళ్ళే, అందులో నాకు పేచీ లేదు. కానీ వ్యావహారిక భాష కోసం గిడుగు పోరాడటానికి ఎంతోముందునుంచే ఆ భాషలో దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు కట్టినవాళ్ళకు పేర్లే లేవు, పుట్టినరోజులు ఎక్కడినుంచి వస్తాయి? మొల్ల ఏ శతాబ్దంలో ఏ దశాబ్దంలో పుట్టిందో పరిశోధకులు ఈనాటికీ తేల్చుకోలేదు. మా తాతయ్య పద్దుల పుస్తకం లాంటిదే మన సాహిత్య చరిత్ర కూడా.

"అయితే గతాన్ని తలుచుకోవడమే తప్పంటారా? మీరు యంత్రాల పక్షమా?" అని అడుగుతారని తెలుసు. తలుచుకోవాలి. ఆడవాళ్ళు తలుచుకుంటే ఏం బయటపడుతుందో మనకు తెలుసు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళు గుర్తుచేసుకుని చెప్పిన మాటలే చరిత్ర అయ్యాయి. స్త్రీల రామాయణపు పాటలను కృష్ణశ్రీ సేకరించి పెట్టబట్టే, 1991లో వెల్చేరు నారాయణరావు ఆ పాటల్లోని వేరే రామాయణాన్ని చూపించగలిగారు. తిరగలి గురించి ఆ పాటలు నాకు చెప్పింది, తిరగలి గురించి వచ్చిన వ్యాసాలు ఎప్పుడూ చెప్పలేదు. తిరగలి మోతలో అత్తగారికి వినపడకుండా ఏం పాడుకోవచ్చో ఆ ఆడవాళ్ళకు తెలుసు. బెంగపడాల్సింది ఆ రాయి గురించి కాదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి సాకు దొరికిన ఆ చోటు గురించి బెంగపడాలి. పని తప్ప మరో సాకు వాళ్ళకు ఎందుకు ఉండకూడదో కూడా అడగాలి.

కొందరు స్నేహితురాళ్ళు, "పాత పత్రికలు గ్రంథాలయాల్లో ఉన్నాయి కదా, అంత బాధెందుకు" అన్నారు. వేటపాలెం సారస్వత నికేతనంలో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలను కాపాడుతున్నవాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. నవల అక్కడ దొరకొచ్చు. వెనక అట్ట మీది పద్నాలుగు పేర్లు దొరకవు. ఎనిమిదో తరగతి చదివిన ఒక ఇల్లాలు "ఎందుకు?" అని రాసిన పేజీ ఏ గ్రంథాలయంలోనూ లేదు. 1970లలో తెలుగు పాఠకురాలు ఎలా చదివిందని రేపు ఎవరైనా పరిశోధన చెయ్యాలంటే ఆధారం అదే. అది కిలోల లెక్కన పోయింది. మీ ఇళ్ళలో కూడా పోతోంది.

అందుకని విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్న స్నేహితురాళ్ళను, రాస్తున్న స్నేహితురాళ్ళను అడిగేది ఒకటే. ఇంకో కవ్వం కవిత మనకు వద్దు. మీ ఇంట్లో, మీ వీధిలో డెబ్బై, ఎనభై ఏళ్ళ ఆడవాళ్ళ పుట్టినరోజులు జరుగుతాయి. థర్మాకోల్ రోలు అద్దెకు తెచ్చేలోపు వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. పరమాన్నంలో పాళ్ళు అడగొద్దు. ఏం చదివారు, ఎవరి దగ్గర తెచ్చుకుని చదివారు, ఎవరికి ఉత్తరాలు రాశారు, ఏ పేజీ దగ్గర కోపం వచ్చింది, ఏం దాచుకున్నారు అని అడగండి. అటక ఎక్కి చూడండి. పాత పేపర్ల అబ్బాయి కంటే ముందు వెళ్ళండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, పైన వాళ్ళ పూర్తిపేరు పెట్టండి. వాళ్ళు పుట్టిన రోజు ఎవరూ రాయలేదు, కనీసం వాళ్ళు మాట్లాడిన రోజైనా తేదీ వేసి రాయండి.